మాలపల్లిలో సమ్మె ఏమైంది?

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ మీద మనకు వ్యాసాలకు కొదవ లేదు. గాంధీయవాద నవల అన్నవారున్నారు, రష్యా విప్లవం గాలి సోకిన తొలి తెలుగు నవల అన్నవారున్నారు, హరిజనోద్ధరణ నవల అని ఒక్క మాటతో తేల్చినవారూ ఉన్నారు. ఎం.ఎ. విద్యార్థులు సంగదాసు మరణాన్ని నవలకు పతాక సన్నివేశంగా రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఇన్నేళ్ళుగా ఇన్ని రాసినా ఒక చిన్న ప్రశ్న మాత్రం మనం గట్టిగా వేసుకోలేదనిపిస్తుంది. సంగదాసు చనిపోయాడు సరే, ఆయన మొదలుపెట్టిన సమ్మె ఏమైంది?

ఈ ప్రశ్న కథాంశానికి సంబంధించిన చిల్లర ప్రశ్నలాగా కనిపించవచ్చు. కాని పల్లెటూళ్ళలో జనం కూడి, ఆయుధం పట్టకుండా, పని మానో పన్ను మానో ఊరు విడిచో చేసే పోరాటాన్ని మన సాహిత్యం ఎట్లా చూసిందనే పెద్ద విషయానికి ఇదే గుమ్మం. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

నవల రాసింది 1922 ప్రాంతంలో, రాయవేలూరు జైల్లో. పల్నాటి అటవీ సత్యాగ్రహానికి సంబంధించి ఉన్నవవారికి పడిన శిక్ష అది. పశువుల మేతకు పుల్లరి కట్టమని అటవీశాఖ పీడిస్తే పల్నాటి రైతులు ఎదురుతిరిగిన రోజులవి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. అదే జిల్లాలో, అవే నెలల్లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టం అన్నారు. అంతకు కొద్ది నెలల ముందే చీరాల పేరాల జనం పురపాలక పన్నుకు తలవంచక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరం వేసుకుని, దాదాపు పదకొండు నెలలు పాకల్లో కాపురాలు చేశారు. గుంటూరు జిల్లా ఉద్యమాలతో ఉడికిపోతున్న కాలంలో, ఆ ఉద్యమ ఖైదీగా ఉన్న మనిషి రాసిన నవల ఇది. అటువంటి రచయిత పన్ను కట్టనన్న రైతును కథానాయకుణ్ణి చేస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఉన్నవ ఆ పని చెయ్యలేదు. రైతు పొలంలో కూలి చేసేవాడి వైపు తిరిగాడు. ఈ ఒక్క మలుపుకే ఆయనకు మనం ఎంతైనా రుణపడి ఉంటాం.

ఎందుకంటే పెదనందిపాడు రైతు, మంగళాపురం చౌదరయ్య వేరు వేరు మనుషులు కారు. ప్రభుత్వానికి శిస్తు కట్టనని ధైర్యంగా నిలబడ్డ చెయ్యి, తన కళ్ళంలో కూలివాడికి గింజలు కొలవడానికి వచ్చేసరికి ముడుచుకుపోతుంది. యుద్ధం నాటి ధరలు పెరిగినప్పుడు గింజల కూలి ఇవ్వడం నష్టం, డబ్బుకూలి ఇవ్వడం లాభం అని రైతుకు తెలియడానికి ఎంతో చదువు అక్కరలేదు. గింజలు చేతికి రాకపోతే ఆ డబ్బుతో బజారులో ఎన్ని గింజలు వస్తాయో కూలివాడికీ తెలుసు. ‘మాలపల్లి’లో సమ్మె ఈ నేల మీద మొలిచింది. ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆదర్శం మీద కాదు. తెలుగు నవలలో వర్గవైరుధ్యం ఇంత సూటిగా, కుంచం మానికల లెక్కలో కనిపించడం అదే మొదలంటే తప్పులేదు.

సంగదాసు పాత్ర సంగతి. చౌదరయ్య ఇంట్లో పాలేరు. ఆ ఇంటి మనిషే అయిన రామానాయుడికి స్నేహితుడు. తండ్రి రామదాసు వైష్ణవభక్తి, తత్త్వచింతన గలవాడు. ఈ మూడు సంబంధాలూ సంగదాసును ఒక చిత్రమైన చోట నిలబెట్టాయి. పెద్దింటి గుట్టు ఆయనకు తెలుసు, పల్లె కడుపు తెలుసు, నాలుగు మంచిమాటలు చెప్పి నలుగుర్ని ఒక దారికి తెచ్చే నోరుంది. నిర్మాణకర్తకు కావలసింది ఇదే. కత్తి పట్టే తెగువ కన్నా, నలుగురి మధ్య మాట తేల్చే ఓర్పు. ఉన్నవ ఈ మనిషిని వాడుకభాషలో, గుంటూరు పల్లెల మాటతీరులో నడిపించాడు కాబట్టి ఉపన్యాసాలు కూడా మనకు మాటల్లాగే వినిపిస్తాయి. (అన్ని చోట్లా కాదు. కొన్ని చోట్ల రచయిత సంగదాసు గొంతు లాక్కుని తానే మాట్లాడతాడు. ఆ చోట్లు చదువుతున్నప్పుడు పాఠకుడికి పట్టుబడతాయి.)

సమ్మె వేడిలో చౌదరయ్య చేతి దెబ్బకు సంగదాసు కూలిపోతాడు. ఆ చావును రచయిత గొప్పగా రాశాడు. చరమగీతం ఉంది, పల్లెంతా ఏడ్చిన ఏడుపు ఉంది. పాఠకుడి కళ్ళు చెమరుస్తాయి. సరిగ్గా అక్కడే నవల సమ్మెను వదిలేస్తుంది.

ఆ తరువాత కథ రెండు దారులు పట్టింది. ఒకటి వెంకటదాసు దారి. తమ్ముడి చావుకు న్యాయం దొరకలేదు, చట్టం ఉన్నవాడి కొమ్ము కాసింది. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై, సంతానులనే దళం కట్టి, ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెడతాడు. రెండోది రామదాసు దారి. భూమి పోయి, ఇల్లు పోయి, సెటిల్మెంటు పాలై, జైలు పాలై, అన్నిటినీ సహించి నిలిచే దారి. చివరికి సంగపీఠం, విద్యాసంస్థలు, స్వరాజ్యపు నీడలాంటి కొత్త ప్రభుత్వం. నవలకు ‘సంగవిజయం’ అని మరో పేరు పెట్టుకున్నాడు రచయిత. సంగదాసు విజయమూ అదే, సంఘ విజయమూ అదే.

ఈ రెండు దారుల్లో ఏది సరైనదని మన విమర్శకులు తగవు పడ్డారు. గాంధీయవాదులు రామదాసు వైపు, మనవాళ్ళు కొందరు జగ్గడి వైపు. ఇద్దరూ గమనించని సంగతి ఒకటుంది. నవలలో మొదట కనిపించింది మూడో దారి. కూలివాళ్ళంతా కలిసి పని మానడం, ఆ మానడాన్ని నిలబెట్టుకోవడం. అది తపస్సూ కాదు, దోపిడీదొంగల మీద దొంగతనమూ కాదు. సంగదాసు బ్రతికుండగా నడిచింది ఆ దారి ఒక్కటే. ఆయన పోగానే అది కూడా పోయింది. కూలివాళ్ళు గుంపుగా ఏడ్చారు గాని, గుంపుగా ఆలోచించే దృశ్యం తరువాత నవలకు ఇరుసు కాలేదు. వాళ్ళు మర్నాడు పనికి పోయారా, పోలేదా? పోతే ఏ కూలికి పోయారు? పోకపోతే ఏం తిన్నారు? చదివి పుస్తకం మూసిన వాడికి వెంకటదాసు గతి తెలుస్తుంది, జ్యోతి గతి తెలుస్తుంది, రామానాయుడి సంసారం ఏమైందో తెలుస్తుంది. సమ్మె గతి తెలియదు.

దీన్ని ఉన్నవ లోపంగా చూపించి చేతులు దులుపుకోవడం నా ఉద్దేశం కాదు. చారిత్రక పరిమితి అనే మాట మనం తరచు వాడతాం, చాలాసార్లు ఆలోచన తప్పించుకోవడానికే వాడతాం. ఇక్కడ మాత్రం దానికి అర్థముంది. 1922 నాటి ఆంధ్రదేశంలో వ్యవసాయ కూలీలకు నిలకడైన సంఘమంటూ లేదు. సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడులో కూలీలను కూడగట్టే పని 1930ల మాట. దళానికి రచయిత ముందు నమూనా ఉంది. సంతానులనే పేరు వినగానే బంకించంద్రుడి ‘ఆనందమఠం’ గుర్తుకు రాక మానదు. ఆశ్రమానికి నమూనా ఉంది. గాంధీ చూపిస్తున్నాడు, ఉన్నవ దంపతులే ఆ ఏడు గుంటూరులో శారదానికేతనం పెట్టారు. నాయకుడు పోయిన తరువాత కూడా నడిచే కూలిసంఘానికి మాత్రం ఆయన చూసిన నమూనా లేదు. చూడనిదాన్ని ఊహించి ఒక అడుగు పెట్టాడు, రెండో అడుగు పెట్టలేకపోయాడు. ఆ ఒక్క అడుగుకే మద్రాసు ప్రభుత్వం 1923లో పుస్తకాన్ని నిషేధించింది. సవరణలతో బయటికి వచ్చాక 1936లో మళ్ళీ నిషేధించింది.

పరిమితి ఉన్నవది సరే. ఆయన తరువాత వందేళ్ళు గడిచాయి. మన పరిమితికి కారణం ఏమిటి?

పెదనందిపాడు సంగతి చూడండి. అక్కడ జరిగింది ఉపన్యాసాల హోరు కాదు, గట్టి నిర్మాణం. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. అంటే పల్లెలో ప్రభుత్వానికి కళ్ళూ చేతులూ లేకుండా పోయాయి. ఎవడి పొలం ఎంత, ఎవడి బాకీ ఎంత అని చెప్పేవాడే లేకపోతే ఎంత పెద్ద దొర వచ్చినా ఏం చేస్తాడు? శాంతిసేన వాలంటీర్లు ఊళ్ళ మీద తిరిగి కట్టు తప్పకుండా చూశారు. జప్తు చేసిన సొత్తు వేలానికి పెడితే పాడేవాడు లేడు. వేలం పాటలో మౌనంగా నిలబడ్డ గుంపును ఊహించుకోండి. ఒకడు నోరు తెరిస్తే చాలు కట్టు తెగుతుంది. వాడు తెరవడు. ఎందుకు తెరవడు? పక్కవాడి మీద ప్రేమా, కులం కట్టుబాటా, రేపు ఊళ్ళో తలెత్తుకోలేనన్న భయమా, దేశభక్తా? ఈ నాలుగూ కలిసిన ఏదో? ఒక నవలకు సరిపడే మనస్తత్వం ఆ ఒక్క నిమిషంలో ఉంది. చౌరీచౌరా తరువాత గాంధీ వెనక్కి తగ్గాడు, కొండ వెంకటప్పయ్య 1922 ఫిబ్రవరిలోనే ఉద్యమాన్ని ఆపించాడు. గెలుస్తున్నామనుకుంటున్న రైతుకు ఆపమన్న కబురు వచ్చినప్పుడు ఎట్లా ఉండి ఉంటుంది? చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. అది వాటి పద్ధతి. సాహిత్యం దాటకూడదు. దాటింది.

దీనికి నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. అంగీకరించనివారు వాదించవచ్చు. సాయుధపోరాటం రాయడానికి మనకు ఒక కథనరీతి చిక్కింది. తెలంగాణ పోరాటం 1946-51 మధ్య ఆ రీతిని ఇచ్చింది, తరువాతి ఉద్యమాలు పెంచాయి. దళం వస్తుంది, దొర పారిపోతాడు, పోలీసులు వస్తారు, వీరుడు ఒరుగుతాడు, జెండా మిగులుతుంది. ఆ రీతిలో మంచి రచనలు వచ్చాయి, కాదనను. కాని కూలిరేట్ల సమ్మె రాసినా, బంజరు ఆక్రమణ రాసినా, ధర్నా రాసినా మన కలం ఆ రీతిలోకే జారిపోతుంది. కథల పోటీకి వచ్చే సమ్మె కథలను వరసగా చదివిన వారికి ఈ సంగతి తెలుసు. పదింటిలో ఏడెనిమిది కాల్పులతోనో, నాయకుడి శవంతోనో ముగుస్తాయి. శవం లేకపోతే కథ కథ కాదేమోనని రచయితకు భయం. చావు ఆవేశాన్ని ఇస్తుంది, ముగింపును కూడా తేరగా ఇస్తుంది. సమ్మె అట్లా ముగియదు. సమ్మె నానుతుంది.

నానడమే అందులో అసలు కథ. మొదటి రోజు అందరూ వీరులే. నాలుగో రోజు చేబదులు పుట్టదు. కొట్టువాడు పద్దు రాయనంటాడు. వాడు రైతు మనిషి. ఆరో రోజు ఒకడు చీకటితో లేచి పొరుగూరు పనికి పోతాడు. వాణ్ణి చూసినవాడు సంఘంలో చెప్పాలా, మానాలా? వాడి బిడ్డకు జ్వరమని ఇతనికి తెలుసు. సంఘం పెద్ద ఇంట్లో భార్య నోరు విప్పుతుంది. ఆమె మాటలో తప్పు లేదు. రైతు కబురు పంపుతాడు, నలుగురికి రహస్యంగా కూలి పెంచుతానని. ఇవేవీ తుపాకీ మోగే ఘట్టాలు కావు. శిల్పం దొరక్క మనం వదిలేసిన ఘట్టాలు. అహింసాయుత పోరాటమంటే దెబ్బలు తిని ఊరుకోవడమనీ, రాజీకి మర్యాదైన పేరనీ మనలో చాలామందికి ఒక దురభిప్రాయం ఉంది. గాంధీ పేరు చెప్పి కూలివాడి చేత ఓర్పు పట్టించినవాళ్ళు లేకపోలేదు, ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ కోపంతో కూలివాడి సొంత ఆయుధాన్ని కూడా గాంధీ ఖాతాలో రాసి పక్కన పెట్టడం ఏం న్యాయం? పని మానడం కూలివాడు గాంధీ దగ్గర నేర్చుకున్నది కాదు.

ఇప్పుడు ఒక చిన్న రచన సంగతి చెప్పాలి. దాన్ని సాహిత్యమనడానికి కొందరు ఒప్పుకోరు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో ‘అక్షరదీపం’ అనే పేరుతో నడిచిన అక్షరాస్యతా ఉద్యమం వాచకంలోని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠం. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు కలిసికట్టుగా ఊళ్ళో సారా దుకాణం మూయించిన వైనం అందులోని విషయం. రాత్రిబడిలో, కూలి చేసి వచ్చిన ఆడవాళ్ళు కూడబలుక్కుని చదవడానికి రాసినది.

పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక వాచకం ఎంత కష్టమైన ప్రక్రియో నాకు తెలుసు. ఒత్తులు తక్కువ ఉండాలి, వాక్యం పొట్టిగా ఉండాలి, తెలిసిన మాటతో తెలియని అక్షరం నేర్పాలి. వర్ణనకు చోటు లేదు, ఆవేశానికి అసలే లేదు. అయినా ఆ పాఠం చదివిన ఊరల్లా, వాళ్ళ ఊళ్ళో మూయించారు, మన ఊళ్ళో ఎందుకు మూయించలేం అని అడిగింది. 1992లో ఆ ప్రశ్న నెల్లూరు జిల్లా అంతా పాకి, సారా వేలంపాటల దగ్గరికే పోయి అడ్డుపడింది. వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. పెదనందిపాడులో పాడేవాడు లేక ఆగిన వేలానికీ, నెల్లూరులో ఆడవాళ్ళు పాడనివ్వక ఆగిన వేలానికీ మధ్య డెబ్బయ్యేళ్ళు.

ఇందులో ఒక తమాషా ఉంది. వాచకం ప్రభుత్వ కార్యక్రమానిది. సారా ఆదాయమూ ప్రభుత్వానిదే. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ‘వారుణివాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో పల్లె పల్లెకూ చేర్చిన ఫలితం అందులో ఉంది. ఒక చేత్తో అక్షరం, ఒక చేత్తో ప్యాకెట్టు ఇచ్చిన ప్రభుత్వం, మొదటి చేతిలోది రెండో చేతిని పట్టుకుంటుందని ఊహించలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో దాన్ని ఎత్తేశారు.

ఆ ఆడవాళ్ళు చీపురుకట్టలు పట్టారు, కారప్పొడి పట్టారు, తాగివచ్చిన మగవాడికి గుండు గీయించి గాడిద మీద ఊరేగించిన చోట్లున్నాయి. ఇది అహింసేనా అని ఎవరైనా శాస్త్రం తీస్తే నా దగ్గర జవాబు లేదు. ఆ శాస్త్రచర్చ ఆ ఊళ్ళ మగవాళ్ళకే వదిలేస్తాను.

రచనగా చూస్తే ఆ పాఠంలో ‘మాలపల్లి’కి లేనిదొకటి ఉంది. పాఠం పేరులోనే ఏకవచనం లేదు. పత్రికలు తరువాత దూబగుంట రోశమ్మ అని ఒక పేరు పట్టుకున్నాయి. ఆమె ధైర్యం తక్కువదని కాదు, పత్రికలకు ఒక ముఖం కావాలి. పాఠానికి అక్కరలేదు. పని ఎవరి చేత జరిగిందంటే ‘ఆడవాళ్ళు’ చేత జరిగింది. బహువచనమే కర్త అయిన కథనం మన ఆధునిక వచనంలో ఎన్ని చోట్ల కుదిరిందో లెక్కపెట్టి చూడవచ్చు. సంగదాసు చావుతో సమ్మె ఆగడానికి శిల్పపరమైన కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఉన్నవ వాక్యాల్లో సమ్మె చేసినవాడు సంగదాసు, కూలివాళ్ళు ఆయన వెనక ఉన్నవాళ్ళు. కర్త పోతే క్రియ ఆగక ఏమవుతుంది?

అట్లాగని ఆ పాఠాన్ని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. దుకాణం మూతపడడంతో దాని పని అయిపోయింది. మూతపడ్డ దుకాణం ముందు మర్నాడు నిలబడ్డ మగవాడు, ఇంటికి పోయి ఏం చేశాడో అందులో లేదు. పొరుగూరి నుంచి ప్యాకెట్లు చాటుగా ఎట్లా వచ్చాయో లేదు. 1997 తరువాత మళ్ళీ తెరిచినప్పుడు అదే ఆడవాళ్ళు ఏమనుకున్నారో ఉండడానికి వీలే లేదు. ఆ పని వాచకానిది కాదు, మనది. చాలామంది మంచి రచయిత్రులు అప్పట్లో ఆ ఉద్యమాన్ని సమర్థిస్తూ నిలబడ్డారు, వ్యాసాలు రాశారు. పెద్ద నవల రావలసిన వస్తువు వ్యాసాల్లో ఉండిపోయింది.

చివరగా చీరాల. 1921లో పన్ను కోసం ఊరు వదిలిన చీరాలకే, 1985 జూలైలో కారంచేడు మాదిగలు నడిచి వచ్చారు. ఆరుగురిని చంపిన ఊళ్ళో ఇక ఉండమని, చీరాలలో శిబిరం వేసుకున్నారు. ఊరు విడవడమనే ఆయుధం అదే. రామనగరానికి పోయినవాళ్ళు మళ్ళీ తమ ఇళ్ళకే వచ్చారు. వీళ్ళు వెనక్కి పోమన్నారు, చీరాలలోనే కొత్త కాలనీలో స్థిరపడ్డారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వాన దళిత మహాసభ ఆ శిబిరం నుంచే పుట్టింది. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ ఆ గాయాన్ని తరతరాల కథలో పెట్టి చూపించింది, దాని గొప్పతనం అది. శిబిరం మాత్రం ఇంకా ఎవరి నవలలోకీ దాని పూర్తి నిడివితో రాలేదు. నెలల తరబడి వందలమందికి వండిందెవరు, బియ్యం లెక్క రాసిందెవరు, పరామర్శకు వచ్చిన మంత్రుల ముందు ఏ మాట మాట్లాడాలో ఏ రాత్రి ఎట్లా తేల్చుకున్నారు, వెనక్కి పోదామన్నవాడికి ఏమని చెప్పి ఆపారు. మంగళాపురం కూలివాళ్ళ గురించి ఉన్నవను అడగలేకపోయిన ప్రశ్నలివి. చీరాల శిబిరంలో ఉన్నవాళ్ళలో కొందరినైనా ఇంకా అడగవచ్చు.